మధుమేహం – పరగడుపు పరీక్ష చెప్పే మాట

(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా నిర్వహించిన ఉచిత వైద్య శిబిరం ముగింపు సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మహోత్సవాలలో నాకు అప్పగించిన పని చాలా చిన్నది. ఉదయం నుంచి ప్రక్కనున్న పాఠశాల ఆవరణలో మా వైద్య బృందం రక్తపరీక్షలు నిర్వహించింది. సాయంత్రం మధుమేహాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా పెద్దలు ఆదేశించారు. మధుమేహం మహాసముద్రం వంటి విషయం. ఒక గంటలో అంతా చెప్పబోతే ఏదీ గుర్తుండదు. అందుచేత ఒక్క అంశానికే పరిమితమవుతాను. నిద్ర లేచిన తరువాత, ఏమీ తినకముందు చేసే రక్తపరీక్ష, అంటే మనం పరగడుపు పరీక్ష అనీ, వాడుకలో ఫాస్టింగ్ షుగరు అనీ పిలుచుకునేది, నేటి నా ప్రసంగ విషయం.

దీనినే ఎంచుకోవడానికి కారణం మనవి చేస్తాను. ఈ ఉదయం వరుసలో నిలబడిన ఒక పెద్దాయన వ్రేలు చాపుతూ, "డాక్టరుగారూ, ఈరోజు తప్పకుండా బాగా వస్తుంది. రెండు రోజుల నుంచి అన్నం ముట్టలేదు" అన్నారు. ఆయన వెనుక నిలబడిన ముగ్గురు నలుగురు నవ్వుతూ తలలూపారు. వారిలో ఎవరికీ నన్ను మోసగించాలన్న ఉద్దేశం లేదు. పరీక్ష అన్నారు కాబట్టి మంచి మార్కులు తెచ్చుకోవాలనుకున్నారు, అంతే. ఆ మాట విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె సంగతి కొంతసేపటికి విన్నవిస్తాను. ముందు ఆ ఉదయపు అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుందాం.

మన ప్రాచీనులకు ఈ వ్యాధి తెలుసు. మధుమేహం అనే పేరే తేనెవంటి మూత్రం అనే అర్థం నుంచి వచ్చింది. మూత్రానికి చీమలు చేరడాన్ని ఈ వ్యాధి రాబోతున్నదనడానికి గుర్తుగా చరక సంహిత పేర్కొన్నది. ఈ సభలోని వయోవృద్ధులకు బెనెడిక్ట్ ద్రావణం జ్ఞాపకం ఉండవచ్చు. పరీక్షనాళికలో నీలిరంగు ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి, మంట మీద కాచేవారు. చక్కెర లేకపోతే నీలంగానే ఉండేది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు రంగులు వచ్చేవి. అయితే రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గాని సాధారణంగా మూత్రంలోకి రాదు. కాబట్టి ఆ పరీక్ష దొంగ ఇల్లు దాటిన తరువాత కుక్క మొరిగినట్లుండేది. 1965లో రక్తపు చుక్కతో చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ పట్టీలు వచ్చాయి. ఆ తరువాతి దశాబ్దాలలో ఆ పట్టీని చదివే పరికరం ఆస్పత్రి నుంచి ఇంటికి చేరింది. ఈనాడు చక్రవర్తులకు సైతం ఒకప్పుడు దొరకని సమాచారం మన పూజగది ప్రక్క అలమారాలో, అరచేతిలో పట్టే గ్లూకోమీటరులో ఉన్నది. దానిని చదవడమే మనకు ఇంకా పూర్తిగా అలవడలేదు.

ఈ సమస్య మన ఇంటికి ఎంత దగ్గరదో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది అనీ, ఆ వ్యాధికి ముందుమెట్టు మీద ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షలమంది అనీ ఆ అధ్యయనం అంచనా వేసింది.

ఇక శరీరం సంగతి. మన దేహంలో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉన్నది. 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాముల చొప్పున లెక్కకడితే, మొత్తం రక్తంలో ప్రవహిస్తున్న చక్కెర ఐదు గ్రాములు. అంటే ఒక్క చెంచాడు. ఆ చెంచాడు చక్కెరను అటు తగ్గకుండా, ఇటు పెరగకుండా కాపాడటానికి శరీరం రాత్రింబగళ్ళు శ్రమిస్తుంది. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. మనం నిద్రపోయినా అది నిద్రపోదు. మరి రాత్రి ఎనిమిది గంటలకు భోంచేసి ఉదయం ఏడు దాకా ఏమీ తినని మనిషికి ఆ గ్లూకోజు ఎక్కడిది?

దానికి సమాధానం కాలేయం. అది మన ఇంటి గాదె వంటిది. తిన్నప్పుడు నింపుకొని, తిననప్పుడు కొంచెం కొంచెంగా తీసి ఇస్తుంది. ఎంత తీయాలో చెప్పే యజమాని ఇన్సులిన్. మధుమేహంలో ఇన్సులిన్ చాలకపోవడం వల్లనో, దాని మాట కాలేయం వినకపోవడం వల్లనో గాదె తలుపు తెరిచినది తెరిచినట్లే ఉండిపోతుంది. "రాత్రి రెండు పుల్కాలే తిన్నాను, ప్రొద్దునకు 190 ఎలా వచ్చింది?" అని రోగులు వాపోతారు. ఆ 190లో రాత్రి తిన్నదాని పాలు కొంత, కాలేయం తీసి ఇచ్చినది కొంత. పైగా తెల్లవారుజామున మనలను నిద్ర లేపడానికి సిద్ధం చేస్తూ శరీరం కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటి స్రావాలను పెంచుతుంది. అవి ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తాయి. మధుమేహం లేనివారిలో క్లోమగ్రంథి కొంచెం ఎక్కువ ఇన్సులిన్ వదిలి సరిచేస్తుంది. మధుమేహులలో ఆ సర్దుబాటు జరగక నాలుగు, ఎనిమిది గంటల మధ్య చక్కెర పెరుగుతుంది. దీనిని వైద్యులు డాన్ ఫినామినన్ అంటారు. మనం వేకువ పెరుగుదల అందాం. ఇది రోగి చేసిన తప్పు కాదు. ఈ ఒక్క మాట తెలియక ఎందరో తల్లులు దొంగతనంగా తిన్నారన్న నింద మోశారు.

ఇప్పుడు అంకెలు. కనీసం ఎనిమిది గంటలపాటు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా చేస్తేనే అది పరగడుపు పరీక్ష. సిరనుంచి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేసినప్పుడు 100 కంటే తక్కువ ఉంటే సాధారణం. 100 నుంచి 125 వరకు ముందుమెట్టు. 126, ఆపైన ఉండి, మరొకసారి చేసినప్పుడు కూడా అలాగే వస్తే మధుమేహం. ఈ హద్దు 1997కు ముందు 140గా ఉండేది. వ్యాధి ఉన్నట్లు తేలి చికిత్స పొందుతున్నవారికి గమ్యం వేరు. చాలామంది పెద్దలకు 80 నుంచి 130 మధ్య ఉంటే మంచిది. వయసు మీరి, గుండె, మూత్రపిండాల వంటి ఇతర సమస్యలు కూడా ఉన్నవారికి 90 నుంచి 150 వరకు ఉన్నా సమ్మతమే. గర్భిణులకు 95 లోపు ఉండాలంటారు. కాబట్టి కోడలి గమ్యం అత్తగారిది కాదు, అన్న గమ్యం తమ్ముడిది కాదు. మీ గమ్యం ఎంతో మీ వైద్యుని అడిగి పుస్తకం మొదటి పుటలో వ్రాసుకోండి.

ఇక మా అమ్మ సంగతి.

2008లో ఆమెకు 71 సంవత్సరాలు. ఈ గ్రామంలోనే, మన గుడి వెనుక వీధిలో ఒంటరిగా ఉండేది. నేను నగరంలో వైద్యవృత్తిలో ఉన్నాను. ఆమెకు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర. ఒక గ్లూకోమీటరు కొని ఇచ్చి, ప్రతినెలా స్ట్రిప్పులు పంపేవాణ్ణి. ప్రతి ఆదివారం ఉదయం ఫోను చేసేవాణ్ణి. నా మొదటి ప్రశ్న, "అమ్మా, ఎంత వచ్చింది?" 150 దాటితే నేను వైద్యుణ్ణన్న సంగతి గుర్తుకు వచ్చేది, కొడుకునన్న సంగతి మరచిపోయేవాణ్ణి. "ఏం తిన్నావు? ఎవరింటికి పేరంటానికి వెళ్ళావు? ఎన్నిసార్లు చెప్పాలి?" అని గొంతు పెంచేవాణ్ణి. కొన్ని నెలలకు అంకెలు బాగుపడ్డాయి. ఒక వారం 104, మరో వారం 96, ఆ పైవారం 99. నేను పొంగిపోయాను. నా తోటి వైద్యులతో, "మా అమ్మను చూసి మీ రోగులు నేర్చుకోవాలి" అని కూడా అన్నాను.

కార్తికమాసంలో ఒక ఆదివారం ఫోను మ్రోగి మ్రోగి ఆగిపోయింది. పది నిమిషాల తరువాత ప్రక్కింటి పిన్నిగారే చేశారు. తెల్లవారి ఎంతసేపైనా అమ్మ వాకిట ముగ్గు పడకపోవడం చూసి వారు తలుపు త్రోసుకొని లోపలికి వెళ్ళారట. అమ్మ మంచం ప్రక్కన నేలమీద కూర్చుని ఉన్నది. ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు, మనిషిని గుర్తుపట్టలేని చూపు. పక్షవాతమేమోనని ఒకరు, గాలి సోకిందని ఒకరు అన్నారు. డిగ్రీ చదువుతున్న వారి అమ్మాయి మాత్రం అమ్మ మీటరే తీసుకొని వ్రేలు గుచ్చి చూసింది. 38. అప్పటికి అమ్మ మ్రింగగలుగుతున్నది. పంచదార నీళ్ళు కొంచెం కొంచెంగా త్రాగించారు. అరగంటకు మాట వచ్చింది. ఆ మాత్ర ప్రభావం చాలాసేపు ఉండి చక్కెరను మళ్ళీ పడగొట్టగలదు గనుక ఆస్పత్రిలో చేర్చి రెండు రోజులు సిరద్వారా గ్లూకోజు ఇచ్చారు. ఆ అమ్మాయి ఆరోజు ఆ మీటరు ముట్టుకోకపోతే నేను ఈరోజు ఈ కథ చెప్పే స్థితిలో ఉండేవాణ్ణి కాను.

ఆస్పత్రిలో మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించాను. 9.4 వచ్చింది. అంటే సగటున 220 పైమాటే. ఆదివారం 96 చూపే మనిషికి ఇది ఎలా సాధ్యం? ఇంటికి వచ్చి దేవుడి గూటి క్రింద ఉన్న డబ్బా తెరిచాను. అందులో ఒక నోటుపుస్తకం. ప్రతిరోజూ తేదీ, వారం, అంకె వ్రాసి ఉన్నాయి. సోమవారం 204, మంగళవారం 191, బుధవారం 218. ఆదివారం మాత్రం 96. అమ్మ ఒక్క అంకె కూడా అబద్ధం వ్రాయలేదు. ఆదివారపు అంకెల చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టింది. ఆ అంకె ఒక్కటే నాకు చెప్పేది. ఆ అంకె రావడానికి శనివారం రాత్రి అన్నం మానేసి గ్లాసుడు మజ్జిగ త్రాగి, మాత్ర మాత్రం మానకుండా వేసుకునేది. ఆ వారం శనివారం పగలు కూడా ఉపవాసం ఉన్నది.

"ఎందుకిలా చేశావమ్మా?" అని అడిగాను. "తిడతావని కాదు నాన్నా, పెద్ద అంకె చెబితే నీ గొంతు మారిపోతుంది. వారానికి ఒక్కసారే కదా మాట్లాడేది" అన్నది.

సభాసదులారా, ముప్పై ఏళ్ళ చదువు నాకు నేర్పని పాఠం ఆ ఒక్క మాట నేర్పింది. ఆ ఉదయపు అంకె నాకు తీర్పు అయింది. అందుకే అది నాకు నిజం చెప్పడం మానేసింది. తప్పు అమ్మది కాదు, నాది.

మన ఆలయ పునరుద్ధరణ మొదలుకాకముందు ఈ మండపం పడమటి గోడకు పగులు కనిపించింది. ఇంజనీరుగారు వెంటనే గోడ పడగొట్టమనలేదు, ఏమీ లేదని కొట్టివేయనూ లేదు. పగులుకు అడ్డంగా చిన్న గాజుపలక అతికించి, దాని ప్రక్కన తేదీ వేయించారు. పలక చిట్లితే పగులు పెరుగుతున్నట్లు, చిట్లకపోతే పాత పగులు అక్కడే ఆగినట్లు. నెలల తరబడి చూసిన తరువాతే ఏ రాయి తీయాలో, ఏది ఉంచాలో నిర్ణయించారు. పరగడుపు పరీక్ష కూడా అటువంటి గాజుపలకే. ఒక్కరోజు చూపు దానికి చాలదు. తేదీల వరుస కావాలి. ఆ పలకను చూసి గోడను తిట్టేవారెవరూ ఉండరు కదా!

ఆ వరుస నమ్మదగినదిగా ఉండాలంటే పరీక్ష సరిగ్గా చేయాలి. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కొని పొడిగా తుడుచుకోవాలి. ఇది మడి కోసం కాదు. పండు ఒలిచిన చేతికి, పంచామృతమో చక్కెరపొంగలో తాకిన చేతికి అంటిన తీపి కంటికి కనబడదు గాని మీటరుకు కనబడుతుంది. 110 ఉన్న మనిషికి 200 కూడా చూపవచ్చు. స్పిరిట్ దూదితో తుడిచినంతమాత్రాన ఆ తీపి పూర్తిగా పోదు. నీళ్ళతో కడగవలసిందే. వ్రేలి కొన మధ్యలో కాక ప్రక్కభాగంలో గుచ్చితే నొప్పి తక్కువ. రక్తం రాలేదని గట్టిగా పిండకూడదు. కండలోని నీరు కలిసి అంకె తప్పుతుంది. చేతిని కాసేపు క్రిందికి వ్రేలాడదీస్తే చాలు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి. తేమగాలి తగిలితే అవి పాడవుతాయి. వంటింటి వేడిలో, కిటికీ ఎండలో ఉంచకూడదు. గడువు తేదీ చూసుకోవాలి. ఒకరి సూది మరొకరు వాడరాదు, భార్యాభర్తలైనా సరే. వాడిన సూదులను చెత్తబుట్టలో పడవేయక మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూతపెట్టండి. చెత్త ఏరే చేతులు కూడా మనవంటి చేతులే.

లేవగానే కాఫీ త్రాగి పరీక్ష చేయించుకొని, "పంచదార వేసుకోలేదండీ" అనేవారున్నారు. పాలలో కూడా చక్కెర ఉన్నది. కాఫీ పరీక్ష తరువాతే. కొందరు గంటసేపు నడిచి, స్నానం, పూజ ముగించుకొని తొమ్మిదిన్నరకు ప్రయోగశాలకు వెళతారు. అప్పటికి కాలేయం మరింత చక్కెర తీసి ఉండవచ్చు. లేచిన అరగంటలో, రోజూ ఇంచుమించు ఒకే వేళకు చేసినప్పుడే ఈ రోజును నిన్నటితో పోల్చగలం.

మీటరు అంకెకూ ప్రయోగశాల అంకెకూ తేడా వస్తే కంగారుపడవద్దు. ఇంటి మీటర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నూటికి 95 సార్లు, 100 పైన ఉన్నప్పుడు 15 శాతం లోపల, 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల లోపల తేడా ఉండవచ్చు. అంటే 140, 155 అంకెల మధ్య తగవు పెట్టుకోనవసరం లేదు. రక్తహీనత బాగా ఉన్నవారికి మీటరు ఎక్కువ చూపే అవకాశం ఉన్నది. తీసిన రక్తాన్ని చాలాసేపు అలాగే ఉంచితే రక్తకణాలే చక్కెరను వాడుకొని అంకె తగ్గిపోతుంది. అందుకే ప్రయోగశాలలో చక్కెర పరీక్షకు సాధారణంగా ఫ్లోరైడ్ కలిపిన, బూడిదరంగు మూత గల గొట్టం వాడతారు.

ఇప్పుడు పుస్తకం. తేదీ, అంకె వ్రాస్తే సరిపోదు. ప్రక్కన నాలుగు మాటలు వ్రాయండి. రాత్రి ఎన్నింటికి, ఏమి తిన్నారు? మాత్ర లేక ఇన్సులిన్ వేసుకున్నారా? నిద్ర పట్టిందా? జ్వరం, పంటినొప్పి, పుండు వంటివి ఏమైనా ఉన్నాయా? ఇన్‌ఫెక్షన్ చక్కెరను పెంచుతుంది. కీళ్ళనొప్పులకనో, ఆయాసానికనో వాడే స్టిరాయిడ్లూ పెంచుతాయి. ఈ నాలుగు మాటలు లేని అంకె చిరునామా లేని ఉత్తరం వంటిది.

రెండు మూడు వారాల వరుసను దగ్గర పెట్టుకుంటే అర్థం తనంత తానే బయటపడుతుంది. పడుకోబోయే ముందు 240 ఉండి ఉదయం 200 ఉంటే సమస్య చాలావరకు రాత్రి భోజనానిది. పదింటికి తిన్న అన్నం, దానిమీద పండు, ఆపైన పాలు. భోజనం ముందుకు జరిపి, అన్నం తగ్గించి కూర పెంచితే దారికి రావచ్చు. పడుకునేటప్పుడు 130 ఉండి ఉదయం 180 ఉంటే అది కాలేయం పని, వేకువ పెరుగుదల. అప్పుడు భోజనం ఇంకా తగ్గించడం వల్ల ఫలితం లేదు. మందును గురించి వైద్యుడు ఆలోచించాలి. రాత్రి ఇన్సులిన్ వేసుకునేవారికి ఉదయం తలనొప్పి, తడిసిన పక్కబట్టలు, పీడకలలు ఉంటే తెల్లవారుజామున మూడింటికి ఒకటి రెండు రోజులు చూడమంటాం. రాత్రి చక్కెర పడిపోయి, దానికి ప్రతిగా ఉదయం పెరుగుతుందని 1930లలో సోమోజీ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. చర్మానికి అమర్చి నిరంతరం చూసే పరికరాలు వచ్చిన తరువాత ఆ ప్రతిస్పందన అనుకున్నంత సాధారణం కాదని తేలింది. అయితే రాత్రిపూట చక్కెర పడిపోవడం మాత్రం నిజమైన ప్రమాదం. ఏది ఏమైనా ఒక్క ఉదయపు అంకె చూసి మాత్ర పెంచుకోవడం, తగ్గించుకోవడం, మానివేయడం చేయకండి. పుస్తకం వైద్యుని చేతికి ఇవ్వండి.

ఇదంతా రోజూ చేయాలా? అందరికీ అక్కరలేదు. రాత్రి ఇన్సులిన్ వేసుకునేవారికి, మందు మారుస్తున్న రోజుల్లో, ఒంట్లో బాగులేనప్పుడు తరచుగా కావాలి. ఒకే మందుమీద నిలకడగా ఉన్నవారికి వారంలో ఒకటి రెండు రోజులు చాలవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ నిలకడగా ఉన్నవారు స్ట్రిప్పుల ఖర్చుకు జంకి బాధపడనవసరం లేదు. ముప్పై ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా పరీక్ష చేసే ఏర్పాటు ఉన్నది. దానిని ఉపయోగించుకోండి.

పరగడుపు పరీక్ష సర్వస్వం కాదని కూడా చెప్పాలి. అన్నం ప్రధానాహారమైన మనలో ఉదయం 110 ఉండి, భోజనమైన రెండు గంటలకు 250 ఉండేవారు కొల్లలు. అందుచేత భోజనానంతర పరీక్ష కూడా అప్పుడప్పుడు చేయాలి. మూడు నెలలకో, ఆరు నెలలకో హెచ్‌బీఏ1సీ చూసుకోవాలి. పుస్తకమూ, ఆ పరీక్షా ఒకే మాట చెప్పకపోతే ఎక్కడో ఒక సంగతి మరుగున ఉన్నట్లు. మా ఇంట్లో మరుగున ఉన్నది ఎర్ర సిరా సున్నాల వెనుక ఉన్నది.

దేవాలయ ప్రాంగణంలో నిలబడి ఉపవాసాన్ని గురించి చెప్పకుండా ముగించలేను. ఏకాదశి, శివరాత్రి, కార్తిక సోమవారాలు మన జీవితంలో భాగం. ఉపవాసం మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. రోగులకు, బాలురకు, గర్భిణులకు, వృద్ధులకు కఠిన నియమాలు వర్తించవని మన పెద్దలే చెబుతారు. ఆ సడలింపును తక్కువతనంగా భావించకండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు ఆహారం మాని మందు మాత్రం యథాప్రకారం వేసుకుంటే మా అమ్మకు జరిగినదే జరగవచ్చు. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్ వృద్ధులకు తగదని ఇప్పుడు వైద్యలోకం భావిస్తున్నది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మాత్రలు వాడేవారు నీళ్ళు కూడా మాని ఉపవసిస్తే శరీరంలో నీరు తగ్గి, అంకె మరీ ఎక్కువగా లేకున్నా రక్తంలో ఆమ్లగుణం పెరిగే ప్రమాదం ఉన్నది. ఉపవాసం ఉండదలచినవారు వారం ముందుగా వైద్యుని కలిసి మందులను గురించి మాట్లాడాలి. ఆరోజు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోవాలి. 70 కంటే తగ్గితే ఆ క్షణమే ఉపవాసం విరమించాలి.

చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, తడబడే మాట, కారణం లేని కోపం. ఇవి చక్కెర పడిపోతున్న గుర్తులు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు పొడి గాని పంచదార గాని నీళ్ళలో కలిపి ఇవ్వాలి. వోగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా ఒంటబట్టదు. వారికి గ్లూకోజు పొడే కావాలి. పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్షించి, ఇంకా 70 లోపు ఉంటే మళ్ళీ ఇవ్వాలి. కోలుకున్న తరువాత ఏదైనా తినిపించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. గ్లూకోజు పొట్లం పూజగదిలో అగ్గిపెట్టె ఉన్నంత నియమంగా ఇంట్లో ఉండాలి. ఎక్కడున్నదో ఇంటిల్లిపాదికీ తెలియాలి.

చివరగా ఈ సభలోని కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు, దూరదేశాల నుంచి ఈ ఉత్సవానికి వచ్చిన బిడ్డలకు నా మనవి. అమ్మకో నాన్నకో ఫోను చేసినప్పుడు అంకెను మొదట అడగకండి. 2008 తరువాత నేను ఆదివారపు ప్రశ్న మార్చుకున్నాను. "రాత్రి ఏం వండుకున్నావమ్మా? నిద్ర పట్టిందా? గుడికి వెళ్ళావా?" అని అడిగేవాణ్ణి. అంకె సంగతి చివరకు వచ్చేది. ఒక్కొక్కసారి 230 అని కూడా చెప్పేది. "సరే, వ్రాసిపెట్టు" అనేవాణ్ణి. ఆమెను చూసే వైద్యులు ఆ మాత్ర మాన్పించి మందు మార్చారు. గమ్యాన్ని కొంచెం సడలించారు. ఏడాది తిరిగేసరికి వారంలో అన్ని రోజుల అంకెలూ 130, 150 మధ్యకు వచ్చాయి. ఎర్ర సిరా అవసరం తీరిపోయింది. 2019లో తన 82వ ఏట ఆమె కన్నుమూసింది. చక్కెర పడిపోవడం మాత్రం ఆ పదకొండేళ్ళలో మళ్ళీ రాలేదు.

ఆ నోటుపుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. ఈ ఉదయం వరుసలో నిలబడిన పెద్దాయనకు కూడా ఒక పుస్తకం ఇచ్చి పంపాను. "వచ్చే నెల వచ్చినప్పుడు మంచి అంకెలు తేవద్దు, నిజమైన అంకెలు తెండి" అన్నాను. మీ అందరికీ కూడా అదే నా ప్రార్థన.